రాజు దూకని ఆట

మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది మా అమ్మాయి చదువు కోసం. అది వచ్చిన ఏడాదే మా ఆయన ఫ్యాక్టరీ మూతపడింది. పొద్దున్నే పిల్ల అల్వాల్‌లో కాలేజీకి, నేను శామీర్‌పేటలో బడికి వెళ్లిపోతే మేడ్చల్ ఇంట్లో మిగిలేది పని లేని ఆ మనిషీ, పని చెప్పేవాళ్లు లేని ఆ మిషనూ. రెండూ ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. ఇంటర్నెట్ ఫోన్ తీగలోంచి వచ్చేది. అది నడుస్తున్నంతసేపూ ఫోన్ మూగపోయి ఉండేది.

ఆయన అందులో చదరంగం మొదలుపెట్టాడు. పేకాట కాదు, తాగుడు కాదు, చదరంగమే కదా వదినా అని మా ఆడబిడ్డ నాకు ధైర్యం చెప్పింది. తాగితే తెల్లారేసరికైనా దిగుతుంది కదా అన్నాను నేను. ఆ తరవాత కొన్నాళ్లు ఆమె మా గడప తొక్కలేదు.

ఆయన మంచి ఆటగాడే. ఆ మాట నేను కాదనను. పైపులకు జాయింట్లు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన మిషన్ షాపు సూపర్‌వైజరు. ఐటీఐ చదివి, మీసాలు సరిగ్గా రాకముందే చేరి, అక్కడే పైకొచ్చాడు. మధ్యాహ్నం అన్నం గంటలో షెడ్డు వెనక ఆట సాగేది. ప్యాకింగు చెక్క మీద ఎనామిల్ రంగుతో గళ్లు గీసుకున్నారు. పావులు లేత్ మిషను మీద వాళ్లే చెక్కుకున్నవి. తెల్ల దండు అల్యూమినియం, నల్ల దండు ఇనుము. ఒకసారి ఆయుధపూజకు ఇంటివాళ్లను రానిచ్చినప్పుడు చూశాను. ఇనుప ఏనుగును ఎత్తితే చేతికి బరువు తగిలింది. పసుపు బొట్లు పెట్టిన మిషన్ల మధ్య ఆ చెక్కకు కూడా బొట్టు పెట్టి ఉంది. షెడ్డులో అందరికన్నా బాగా ఆడేది మీ ఇంటాయనే అని లేత్ నడిపే టర్నర్ ఒకతను నాతో గొప్పగా చెప్పాడు. అట్లయితే ఇంట్లో ఎందుకు ఓడిపోతాడో అని నేనంటే అందరూ నవ్వారు, ఆయన కూడా.

వాళ్ల ఆటలో ఒక రూలుంది. నిజానికి వాళ్లదే కాదు, మా పుట్టిన ఊరు లాల్‌గడి మలక్‌పేటలో మా నాయిన నాకు నేర్పింది కూడా అదే. రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. అవతలివాడు కిష్తు అని చెక్ చెప్పి రాజును ఇరుకున పెట్టినా సరే, ఆ హక్కు మిగిలి ఉంటే ముందున్న ప్యాదాల, అంటే బంట్ల, మీంచి దూకి బయటపడొచ్చు. మా వైపు అందరం ఇట్లాగే ఆడేవాళ్లం. ఇది ప్రపంచంలో ఎక్కడా లేని రూలని మాకు తెలియదు. మా ఆయన గొప్పతనమంతా ఆ దూకును దాచుకోవడంలో ఉండేది. అవతలివాడు తొందరపడి తన దూకును ముందే ఖర్చు పెట్టుకునేవాడు. ఈయన చివరిదాకా ఓపిక పట్టి, ఇక మాత్ అని వాడు చేతులు దులుపుకునే వేళకు రాజును ఎత్తి అవతల పెట్టేవాడు.

కంప్యూటర్లో ఆ దూకు లేదు. మొదట్లో ఆయన వరసగా ఓడిపోయాడు. తరవాత అసలు రూలు ఏమిటో మా అమ్మాయితో చదివించుకుని నేర్చుకున్నాడు. ఏనుగును పక్కకు తెచ్చి రాజును మూలకు చేర్చే పద్ధతి కూడా పట్టుకున్నాడు. నెలలు గడిచేసరికి గెలవడం మొదలైంది. ఎవరితో ఆడుతున్నాడో ఆయనకు తెలియదు. పేరు బదులు ఏవో అక్షరాలూ అంకెలూ, పక్కన ఒక దేశం జెండా ఉండేవి. ఉదయం టిఫిన్ చేసి కూర్చుంటే నేను బడి నుంచి సెవెన్ సీటర్ ఆటోలో ఒళ్లు హూనమై వచ్చేసరికి అదే కుర్చీలో ఉండేవాడు. చాయ్ గ్లాసులు మాత్రం పెరిగి ఉండేవి.

ఉద్యోగం వెతుక్కోమని నేను పోరుతూనే ఉన్నాను. దానికి ఆయన దగ్గర ఒక జవాబు ఉండేది. గేటుకు లాకౌట్ నోటీసు అంటించిన కొద్ది రోజులకే ఒక మాట పుట్టింది. బొంబాయి సేటు ఒకాయన ఫ్యాక్టరీని కొంటున్నాడట. కొన్నాక పాతవాళ్లనే పిలుస్తాడట. ఈలోగా వేరేచోట చేరినవాళ్ల పేర్లు మాత్రం కొట్టేస్తారట. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో పుట్టిన మాటని నా అనుమానం. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ హోటలు నడిచిందే వీళ్లు కూర్చుని ఎదురుచూడడం వల్ల. సేటు పేరేమిటని ఒకసారి అడిగాను. పేరు బయటికి చెప్పొద్దన్నారట. చెప్పొద్దన్నది ఎవరో కూడా తెలియదట.

దసరా సెలవులు ఇవ్వబోయే వారం మా అన్న వచ్చాడు. మా అన్న అప్పటికే వ్యవసాయం మానేసి ప్లాట్లు అమ్ముతున్నాడు, మండలంలో లీడర్ల వెనక తిరుగుతున్నాడు. గేటు దగ్గరే మొదలుపెట్టాడు.

“ఎప్పుడు జేసినా ఫోన్ ఎంగేజే. ఎవలతోని ముచ్చట పెడ్తున్నవ్ చెల్లే, పొద్దంత?”

“నేను గాదన్నా, మీ బావ. ఎవలతోనో ఆయనకు గూడ తెల్వది.”

శామీర్‌పేట దాటాక మందు గోలీల కంపెనీ ఒకటి కొత్తగా పెట్టారు. దాని మేనేజరు మా అన్నకు తెలిసినవాడు. స్టోర్సు చూసుకోవడానికి పెద్దమనిషి కావాలన్నాడట. జీతం పాతదానికన్నా తక్కువ, కానీ నెలనెలా వస్తుంది. దసరా పోయినంక సోమవారం వచ్చి కలవాలి, ఆ రోజు రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారు. మా అన్న ఇదంతా చెప్పి, బావా నువ్వు ఊ అంటే చాలు అన్నాడు. మా అన్నకు చాయ్ పొయ్యమని మా ఆయన నాతో అన్నాడు. ఆ ఉద్యోగం కుదరకపోతే ఇల్లు నా బడి జీతం మీదే నడవాలి. పిల్ల చదువు మధ్యలో ఆగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఇప్పుడు లేవకపోతే ఈ మనిషి ఇక లేవడని నాకు అనిపించింది. ఈ మాట అన్నతో చెప్పలేదు. చెప్పి ఉంటే అన్న దాన్ని మా ఆయన ఎదుటే అనేసేవాడు.

సెలవుల మొదట్లో ఒక మధ్యాహ్నం నేను వరండాలో కూర్చుని క్వార్టర్లీ పేపర్లు దిద్దుతున్నాను. ఏడో తరగతి పిల్లలు అక్బర్‌ను ఔరంగజేబుకు కొడుకును చేసేశారు. లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. మౌస్ ఖరాబైందంటున్నాడు. మా అమ్మాయి వెళ్లి చూసింది.

“మౌస్ మంచిగనే ఉన్నది డాడీ. నువ్వు రాజును గాడికి జరుపుతున్నవ్. గాడికి రాజు పోడు.”

నేను లేచి వెళ్లాను. తెర మీద ఆట అయిపోయింది. ఆ సంగతి చెప్పే చిన్న పలక మధ్యలో కనబడితే, ఆయన దాన్ని పక్కకు నెట్టి మరీ రాజు మీద నొక్కుతున్నాడు. రాజు మూలన ఉన్నాడు. ముందు మూడు ప్యాదాలు గోడలా నిలబడ్డాయి. అవతలివాడి ఏనుగు పైనుంచి సరాసరి దిగి వచ్చి రాజున్న వరసలో కూర్చుంది. పక్కకు పోదామంటే ఆ వరసంతా ఏనుగుదే. ముందుకు పోదామంటే తన ప్యాదాలే అడ్డం. షెడ్డు వెనక అయితే ఈయన చిన్నగా నవ్వి రాజును ఎత్తి ప్యాదాల అవతల పెట్టేవాడు. ఇక్కడ కూడా అదే చేయబోతున్నాడు. ఆటలో పైచేయి ఆయన దండుదే. ఒక వజీర్, అంటే మంత్రి, ఎక్కువ. ఎవరు చూసినా గెలిచే ఆటే.

“కొత్త రూలు నీకు తెల్సు గదనయ్యా,” అన్నాను.

“తెల్సు,” అన్నాడు. చేయి మాత్రం మౌస్ మీంచి తియ్యలేదు.

మర్నాడు పొద్దున ఆయన కొత్త ఆట మొదలుపెట్టలేదు. ఓడిపోయిన ఆటలు ఆ సైటులో దాచిపెట్టి ఉంటాయి. బాణం గుర్తు నొక్కుతుంటే ఒక్కో ఎత్తూ వెనక్కి పోతుంది. ఆయన ముందురోజు ఆటను తెరిచి చివరి నుంచి వెనక్కి పోవడం మొదలుపెట్టాడు. నన్ను పిలిచాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన నన్ను ఒక పనికి పిలవడం అదే మొదలు. నేను వంటింటి స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

తప్పెక్కడుందో వెతకాలి. ఇద్దరికీ వాదన కావాలి కాబట్టి పని బాగా సాగింది. ఆయన లెక్కలో తప్పు ప్యాదాది. రాజు ముందున్న ప్యాదాను ఎప్పుడో ఒక గడి జరిపి, ఊపిరాడే సందు ఉంచుకుంటే సరిపోయేది. నా లెక్కలో తప్పు ఏనుగుది. వెనక వరసకు కాపలాగా ఉన్న ఏనుగు, అవతలివాడు కావాలని వదిలేసిన గుర్రాన్ని చూసి ఎగబడి పోయింది. అది పోకుంటే వాడి ఏనుగు దిగేదే కాదు. ఆశపడ్డవు అని నేనంటే, ఉత్తగ దొరికిన గుర్రాన్ని ఇడ్సిపెట్టెటోడు ఆట ఆడుడెందుకు అని ఆయన. మా అమ్మాయి మధ్యలో వచ్చి, తప్పులు చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అందులో వేస్తే నిమిషంలో తేలిపోతుందంది. ఆయనకు కోపం వచ్చింది. నా తప్పు గా డబ్బ జెప్పుడేంది అన్నాడు. నేను ఈ ఒక్క విషయంలో ఆయన వైపే నిలబడ్డాను.

ఆ సెలవుల్లో ఇల్లు చాలా రోజులకు ఇల్లులా ఉంది. సద్దుల బతుకమ్మ నాడు కూడా పూలు పేర్చుకుంటూ నేను ఏనుగు గురించే ఆలోచించాను. ఆయన సాయంత్రాలు చాయ్ హోటలుకు పోవడం తగ్గించాడు. గడ్డం గీసుకున్నాడు. ఓడిన ఆటను ఇంత ఓపిగ్గా తిప్పి చూసేవాడు, పోయిన ఉద్యోగాన్ని కూడా అట్లాగే తిప్పి చూసి, సరే అని లేస్తాడని నేను ఆశపడ్డాను. నా బడిలో పిల్లలకు చెప్పేది అదే కదా. తప్పు దిద్దుకో, కింద మళ్లీ రాయి.

సెలవులు అయిపోయే ముందు శనివారం ఆయనే అసలు సంగతి కనిపెట్టాడు. బియ్యం ఏరుతున్న నా దగ్గరికి వచ్చి నిలబడి చెప్పాడు.

“ఏనుగుది గాదు, ప్యాదాది గాదు. మొదట్నుంచి నా లెక్కల గా దుంకుడు ఉన్నది. తీసేసిన అనుకున్న. తీయలే. గది ఉన్నదన్న ధైర్యంతోనే ఏనుగును పంపిన, ప్యాదాను జరపలే.”

ఆ మాట నిజం. నేను వారం పాటు వాదించి కూడా పట్టుకోలేనిది ఆయన పట్టుకున్నాడు. ఇంతకన్నా మంచి సమయం రాదనుకున్నాను. చాట పక్కన పెట్టాను.

“గా బొంబాయి సేటు గూడ గసొంటి దుంకుడే,” అన్నాను. “ఆయన ఉన్నడన్న ధైర్యంతోనే నువ్వు కుర్సీల కూసున్నవ్. ఎవ్వలు రారు. ఎల్లుండి పోయి స్టోర్సుల చేరు.”

ఈ మాట అన్నందుకు నాకు ఎప్పుడూ బాధ లేదు. ఇప్పుడైనా అదే అంటాను. ఆయన కోప్పడలేదు కూడా. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆట మీద వాదించినప్పటి గొంతుతోనే మాట్లాడాడు.

“ఆటల తప్పు దొరికింది. ఫ్యాక్టరీల నేను జేసిన తప్పేందో జెప్పు. గది దొరికితే సోమవారం పోత.”

వాదనకు పిలిచాక నేను వెనక్కి తగ్గేదాన్ని కాదు. మొదట కొంతమందికి డబ్బిచ్చి పంపించినప్పుడే నువ్వూ బయటికి రావాల్సింది అన్నాను. అప్పుడు వచ్చినవాళ్లు కూడా అదే హోటల్లో కూర్చున్నారు కదా అన్నాడు. యూనియన్‌లో తిరగాల్సింది అన్నాను. తిరిగినవాళ్ల పేర్లు చెప్పి, వాళ్లూ ఇంటి దగ్గరే ఉన్నారన్నాడు. పనికి నువ్వు చాలవని వాళ్లకు అనిపించి ఉంటుంది అన్నాను, కావాలనే గుచ్చుతూ. తీసింది నన్నొక్కణ్నే కాదు, షెడ్డుకు షెడ్డే మూశారన్నాడు. ఆయన ఒక్క షిఫ్టైనా ఎగ్గొట్టిన రోజు నాకు తెలియదు. జ్వరంతో పోయిన రోజులు తెలుసు.

“అయితే తప్పు లేదు,” అన్నాను.

“తప్పు లేనోణ్ని మళ్ల పిలుస్తరు గదా,” అన్నాడు.

నేను ఆయన మొహం చూశాను. ఎగతాళి కాదు. నిజంగానే నమ్మి అన్నాడు.

“తప్పు లేకున్నా ఓడుతరయ్యా.”

“గట్లయితే వారం దినాల సంది మనం ఎతికిందేంది?”

డిగ్రీ చదివాను, పిల్లలకు రాజ్యాలు ఎట్లా పోయాయో చెబుతాను. ఈ రాజు ఈ తప్పు చేశాడు, ఆ రాజు ఆ తప్పు చేశాడు అని పాయింట్లు రాయిస్తాను. ఏ తప్పూ చేయకుండా పోయినవాళ్ల గురించి మా పుస్తకంలో పాఠం లేదు.

సోమవారం నేను బడికి పోతూ ఆయన చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను. సాయంత్రం వచ్చేసరికి అది మడత విప్పకుండా అక్కడే ఉంది. ఫోన్ ఎంగేజ్ వస్తోందని మా అన్న పక్కింటికి ఫోన్ చేసి నన్ను పిలిపించాడు. వేరే అతన్ని పెట్టుకున్నారని చెప్పాడు. బావ మొండితనం నాకు తెలుసు కానీ నువ్వేం చేస్తున్నవ్ చెల్లే అన్నాడు. నేనూ నాలుగు మాటలన్నాను. ఫోన్ పెట్టేశాక పక్కింటామె నా చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

చలికాలంలో ఫ్యాక్టరీ గేటు తెరిచారు. హోటల్లో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారట. లోపలికి ఖాళీ లారీలు పోయాయి, మిషన్లు విప్పి ఎక్కించుకుని బయటికి వచ్చాయి. ఆయన సాయంత్రం దాకా అక్కడే ఉండి చూసి వచ్చాడు. పాత మిషన్లు తీసేది కొత్తవి పెట్టడానికేనని హోటల్లో అంటున్నారని చెప్పాడు. ఆయన లేత్ ఏ లారీలో పోయిందో కూడా చెప్పాడు. తరవాత గోడ కూలింది. లోపల నేల చదును చేసి ముగ్గుపిండితో గీతలు గీశారు. సేటు బొంబాయి నుంచి రాలేదు. వచ్చినవాళ్లు ప్లాట్లు అమ్మే మా అన్నలాంటి వాళ్లే. రోడ్డు మీద బోర్డు పెట్టారు, దాని మీద కొబ్బరిచెట్లూ ఈతకొలనూ బొమ్మ వేశారు. అప్పటి నుంచి ఆయన ఆ సేటు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చదరంగం మాత్రం బాగుపడింది. మొదట్లోనే రాజు ముందు ప్యాదాను ఒక గడి జరపడం నేర్చుకున్నాడు. మళ్లీ ఒక్కసారి కూడా ఆ రకంగా ఓడిపోలేదు. ప్రతి ఓటమినీ తిప్పి చూసేవాడు, దొరికిన తప్పును మళ్లీ చేసేవాడు కాదు. ఆయన పేరు పక్కన ఉండే అంకె పెరుగుతూ పోయింది. మా అమ్మాయి డిగ్రీ ఆపలేదు, కానీ సాయంత్రాలు అల్వాల్‌లో ఒక దుకాణంలో బిల్లులు కొట్టడానికి కుదిరింది. ఆ పిల్ల ఇంటికి వచ్చి, ఇయ్యాల గెలిచినవా డాడీ అని అడిగేది. గెలిచిన బిడ్డా అనేవాడు. అదొక్కటే ఆ ఇంట్లో వినిపించే మంచి వార్త. నాకు మాత్రం విన్నప్పుడల్లా ఏదైనా ఎత్తి విసరాలనిపించేది. ఇంత నేర్చుకునే బుర్ర ఉన్న మనిషికి ఆ నేర్పు తెర ఇవతల ఎక్కడా పనికి రాలేదు.

ఫ్యాక్టరీ గోడ కూలాక వచ్చిన రెండో ఎండాకాలంలో మా అన్న కోపం మరిచిపోయి ఇంకో కబురు పంపాడు. శామీర్‌పేట దగ్గర వేసిన వెంచర్‌లో మనిషి కావాలి. ప్లాట్లు చూడడానికి వచ్చినవాళ్లను తిప్పాలి, హద్దు రాళ్లు ఎవరూ పీకేయకుండా చూడాలి. మీ బావకు చెప్పు, ఈసారి సోమవారం మంగళవారం ఏమీ లేదు, ఎప్పుడొస్తే అప్పుడే అన్నాడు. చెప్పాను. ఆయన కాదనలేదు. మర్నాడు పొద్దున తనే స్నానం చేసి, తల దువ్వుకుని, నేను కట్టిచ్చిన అన్నం గిన్నె సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. బడికి సెలవులు కాబట్టి నేను గేటు దాకా వెళ్లాను. మూల తిరిగేదాకా చూశాను. లోపలికి వచ్చి ఆయన కుర్చీ గోడ పక్కకు జరిపి ఆ చోటంతా ఊడ్చాను. చాలా దుమ్ముంది.

ఇంకా ఎండ ఎక్కకముందే గేటు చప్పుడైంది. బస్సులన్నీ నిండిపోయి వస్తున్నాయి, ఎక్కడానికి చోటు లేదన్నాడు. ఆ దారిలో నేను ఏళ్లుగా తిరుగుతున్నాను. ఆ వేళకు శామీర్‌పేట వైపు పోయే బస్సుల్లో కండక్టర్లు సీట్లలో కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

ఆయన సంచి నా చేతికిచ్చాడు. అన్నం గిన్నె ఇంకా వేడిగానే ఉంది. కంచంలోకి వంపి ముందు పెట్టాను. తినేసి, చేయి కడుక్కుని, కుర్చీని మళ్లీ దాని చోటుకు లాక్కున్నాడు.